దారివ్వడమే దారి

లైసెన్సు పరీక్షలో గుర్తుపట్టి, రోడ్డెక్కగానే మరిచిపోయే బోర్డు ఒకటుంది. కూడళ్లలో ఆ మతిమరుపు ఖరీదును ప్రాణాలతో కడుతున్నారు.

తెల్లటి నేల, ఎర్రటి అంచు, మొన కిందికి దించి నిలబెట్టిన త్రికోణం. లోపల బొమ్మ ఉండదు, అంకె ఉండదు, చాలాచోట్ల అక్షరం కూడా ఉండదు. దాని అర్థం ఒక్కటే: 'దారి ఇవ్వండి'. లెర్నర్స్ లైసెన్సు కోసం కంప్యూటర్ ముందు కూర్చునే ప్రతి కుర్రాడూ దీన్ని బట్టీపట్టే వస్తాడు. సరైన జవాబు మీద క్లిక్ చేసి బయటపడతాడు. ఆ తర్వాత ఏ చౌరస్తాలోనైనా అతడు ఆ బోర్డు చూసి బ్రేకు మీద కాలు పెట్టాడంటే వెనక ఉన్నవాళ్లు హారన్లతో చెవులు చిల్లులు పొడుస్తారు.

రహదారి చిహ్నాల కుటుంబంలో ఈ త్రికోణానిది ప్రత్యేక స్థానం. మన దేశంలో తప్పనిసరిగా పాటించాల్సిన ఆదేశాల బోర్డులు దాదాపు అన్నీ గుండ్రంగానే ఉంటాయి. వేగ పరిమితి, నో ఎంట్రీ, హారన్ నిషేధం, అన్నీ ఆ కోవలోవే. మినహాయింపు రెండింటికే. ఒకటి ఎనిమిది మూలల 'స్టాప్', రెండోది ఈ తలకిందుల త్రికోణం. మలుపులు, బడులు, స్పీడ్ బ్రేకర్ల గురించి హెచ్చరించే బోర్డులూ త్రికోణాలే గానీ వాటి మొన పైకి ఉంటుంది. ఈ రెండింటికే వేరే ఆకారం ఎందుకంటే, రంగు వెలిసినా, బురద కొట్టుకున్నా, చివరికి వెనక వైపు నుంచి చూసినా వీటిని పోల్చుకోగలగాలి. అడ్డరోడ్డులో ఆగాల్సింది ఎవరో పెద్ద రోడ్డు మీద వచ్చేవాడికీ తెలియాలి.

ఈ జంటలో మొదటిదానికి, రెండోదానికి తేడా పైకి చిన్నదే. 'స్టాప్' దగ్గర కనుచూపు మేరలో మనిషి లేకపోయినా చక్రం పూర్తిగా ఆగాలి. 'దారి ఇవ్వండి' దగ్గర వేగం తగ్గించాలి, అటూ ఇటూ చూడాలి. ఎవరైనా వస్తుంటే ఆగాలి, రాకపోతే సాగిపోవచ్చు. అంటే, ఆగాలా వద్దా అన్న నిర్ణయాన్ని ఈ బోర్డు డ్రైవరుకే వదిలేస్తుంది. రోడ్డు మీద మనిషి విచక్షణను ఇంతగా నమ్మే బోర్డు మరొకటి లేదు. దానికి కరెంటు అక్కర్లేదు, కానిస్టేబుల్ అక్కర్లేదు, ఖాళీ రోడ్డు మీద 90 సెకన్లు ఎర్రదీపాన్ని చూస్తూ కూర్చోనక్కర్లేదు. కావలసిందల్లా ఒక్కటే, అవతలివాడు కూడా అదే నియమాన్ని పాటిస్తాడన్న భరోసా. మన రోడ్ల మీద కరువైంది సరిగ్గా అదే.

తుల్సాలో మొదలైన కథ

ఈ బోర్డుకు పేరు తెచ్చింది ఒక పోలీసు. అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రం తుల్సా నగరంలో పనిచేసిన క్లింటన్ రిగ్స్ 1930ల చివర్లో ట్రాఫిక్ శిక్షణ పొందుతున్నప్పుడే దీని గురించి ఆలోచించాడు. 1950లో తుల్సాలోని ఫస్ట్ స్ట్రీట్, కొలంబియా అవెన్యూ కలిసే చోట మొదటి బోర్డు పెట్టారు. అది ఇప్పటి త్రికోణం కాదు. కమాను నడినెత్తిన బిగించే రాయి ఆకారంలో, పసుపు నేల మీద నల్లటి అక్షరాలతో ఉండేది. రిగ్స్ ఉద్దేశం వాహనాలను క్రమంలో పెట్టడం ఒక్కటే కాదు. ఢీకొన్నాక తప్పెవరిదో తేల్చడం కూడా. దారివ్వాల్సింది ఎవరో ముందే రాసిపెట్టి ఉంటే కోర్టులో వాదులాట తగ్గుతుందన్నది ఆయన ఆలోచన.

1954 కల్లా ఈ బోర్డు అమెరికా జాతీయ ట్రాఫిక్ చిహ్నాల నియమావళికి ఎక్కింది. ఈలోగా ఆకారం త్రికోణమైంది. 1971లో పసుపు పోయి ఎరుపు, తెలుపు వచ్చాయి. యూరప్ దీనికి వేరే దారిలో చేరుకుంది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందే చెకొస్లొవేకియాలో అక్షరాలు లేని తలకిందుల త్రికోణం ఉండేది. ఎట్టకేలకు 1968లో వియన్నాలో కుదిరిన రహదారి చిహ్నాల అంతర్జాతీయ ఒప్పందం ఈ రూపానికి ముద్ర వేసింది. ఆ ఒప్పందంలో భారత్ 1980లో చేరింది.

స్టాప్‌కూ దీనికీ మధ్య ఉన్న గీత ఎక్కడ గీయాలన్న వాదన మాత్రం ఇప్పటికీ తెగలేదు. అమెరికాలోని ఐడహో రాష్ట్రం 1982లోనే సైకిలు తొక్కేవారికి ఒక వెసులుబాటు ఇచ్చింది. స్టాప్ బోర్డును వాళ్లు 'దారి ఇవ్వండి'గా భావించుకోవచ్చు. ఎదురుగా ఎవరూ లేనప్పుడు సైకిల్‌ను పూర్తిగా ఆపి మళ్లీ తొక్కడం శ్రమే తప్ప భద్రత కాదన్నది తర్కం. యంత్రాలకు మాత్రం ఆ మన్నన దక్కలేదు. స్టాప్ బోర్డు దగ్గర పూర్తిగా ఆగకుండా నెమ్మదిగా దొర్లిపోయేలా రాసిన సాఫ్ట్‌వేర్ కారణంగా టెస్లా కంపెనీ 2022 ఫిబ్రవరిలో అమెరికాలో 53,822 కార్లను రీకాల్ చేయాల్సి వచ్చింది.

పుస్తకంలో ఉంది, చౌరస్తాలో లేదు

మన చట్టంలో లోటేమీ లేదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 119వ సెక్షన్ ప్రకారం తప్పనిసరి చిహ్నాలను ప్రతి డ్రైవరూ పాటించి తీరాలి. ఆ మరుసటి ఏడాది వచ్చిన రోడ్డు నియమాలు అసలు బోర్డే లేనిచోట ఏం చేయాలో కూడా చెప్పాయి. ప్రధాన రహదారిలోకి ప్రవేశించేవారు ఆ రహదారి మీద వెళ్లేవారికి దారివ్వాలి. ఏది ప్రధానమో తెలియని కూడలిలో కుడి చేతివైపు నుంచి వచ్చేవారికి దారివ్వాలి. సిగ్నల్ లేని జీబ్రా గీతల దగ్గర ముందు హక్కు పాదచారిది. ఇరుకైన కొండదారిలో దిగేవాడు పక్కకు ఆగి, ఎక్కేవాణ్ని పోనివ్వాలి. ఎత్తు మీద ఒకసారి ఆగిన బండిని మళ్లీ కదిలించడం కష్టమన్న ఇంగితం ఆ నియమంలో ఉంది. 2017 జూన్‌లో ఈ నియమాల స్థానంలో మరింత వివరమైన డ్రైవింగ్ నిబంధనలు వచ్చాయి.

విచిత్రమేమంటే, శిక్షల దగ్గరికి వచ్చేసరికి చట్టం కూడా ఈ త్రికోణాన్ని చిన్నచూపే చూసింది. 2019 సవరణ ప్రమాదకర డ్రైవింగ్‌కు ఉదాహరణలు ఇస్తూ ఎర్రదీపం దాటడాన్ని, స్టాప్ బోర్డును ఉల్లంఘించడాన్ని, చేతిలో ఫోను పట్టుకుని నడపడాన్ని పేరు పెట్టి చెప్పింది. దారివ్వకపోవడానికి అక్కడ విడిగా చోటు దక్కలేదు. డ్రైవింగ్ నిబంధనల ఉల్లంఘనకు ఆ సవరణ పెట్టిన జరిమానా 500 రూపాయల నుంచి 1,000 రూపాయలు.

అదైనా వసూలవుతోందా అంటే, అనుమానమే. దీనికి కారణం పోలీసుల అలసత్వం ఒక్కటే అనడం అన్యాయం. హెల్మెట్ లేని తలను కెమెరా పట్టగలదు. ముగ్గురెక్కిన బైకును, గీత దాటిన చక్రాన్ని, ఎర్రదీపం కింద కదిలిన నంబర్ ప్లేటును పట్టగలదు. ఇవన్నీ ఒకే వాహనం చేసే తప్పులు, ఒకే ఫొటోలో ఇమిడే తప్పులు. దారివ్వకపోవడం అలాంటిది కాదు. అది రెండు వాహనాల మధ్య జరిగే తప్పు. ఎవరు ముందు వచ్చారు, ఎవరు ఎంత దూరంలో ఉన్నారు, ఎవరి వల్ల ఎవరు బ్రేకు వేయాల్సి వచ్చింది అన్నది ఒక్క క్లిక్కుతో తేలదు. అందుకే ఈ-చలానాల యుగంలోనూ ఇది పట్టుబడని నేరంగానే మిగిలిపోయింది. రెండు బండ్లు గుద్దుకున్నాకే చట్టానికి అది కనిపిస్తుంది. అప్పుడు మోటారు ప్రమాదాల క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌లో ఎవరి నిర్లక్ష్యం ఎంత శాతమో లెక్కగడతారు. బాధితుడి తప్పు కూడా ఉందని తేలితే పరిహారంలో ఆ మేరకు కోత పడుతుంది. కూడలిలో మూడు సెకన్లు ఆగకపోవడం అంటే ఏమిటో చాలా కుటుంబాలకు తెలిసేది ఆ తీర్పు చేతికొచ్చినప్పుడే.

సర్కిల్ చిక్కుముడి

దారివ్వడం వల్ల అందరికీ ఎలా లాభమో, ఇవ్వకపోతే అందరూ ఎలా ఇరుక్కుంటారో చూడాలంటే ట్రాఫిక్ సర్కిల్‌ను మించిన ప్రయోగశాల లేదు. బ్రిటన్‌లో గుండ్రటి కూడళ్లు 20వ శతాబ్దం తొలి దశకంలోనే వచ్చాయి. అయితే లోపల తిరుగుతున్నవాడు ముందా, బయటి నుంచి వచ్చేవాడు ముందా అన్న నియమం లేక, రద్దీ పెరిగేకొద్దీ అవి బిగుసుకుపోయేవి. కారణం సులభం. లోపలికి దూరేవారు ఆగకపోతే, లోపల తిరుగుతున్నవారు ఆగాలి. వారు ఆగితే తాము బయటికి వెళ్లాల్సిన దారి దాకా చేరలేరు. బయటికి ఎవరూ వెళ్లకపోతే లోపల చోటు ఖాళీ కాదు. అయినా జనం దూరుతూనే ఉంటారు. కాసేపటికి సర్కిల్ మొత్తం ఒక ముడి అవుతుంది.

1966 నవంబర్‌లో బ్రిటన్ ఒక చిన్న నియమం పెట్టింది. సర్కిల్‌లోకి వచ్చేవారు కుడివైపు నుంచి వచ్చేవారికి దారివ్వాలి. ఎడమవైపు నడిచే దేశంలో, అప్పటికే సర్కిల్‌లో తిరుగుతున్న వాహనం ఎప్పుడూ కుడివైపు నుంచే ఎదురవుతుంది. కాబట్టి ఆ నియమానికి అర్థం, లోపలివాడిదే ముందు హక్కు. రోడ్డు వెడల్పు అంగుళం పెంచకుండానే ముడి విడిపోయింది. కుడివైపు నడిచే ఫ్రాన్స్‌లో సరిగ్గా దీనికి తిరగబడిన కథ. అక్కడ పాతకాలం నుంచీ కుడివైపు నుంచి వచ్చేవాడికే హక్కు. సర్కిల్ దగ్గర కుడివైపు నుంచి వచ్చేవాడంటే కొత్తగా దూరేవాడే. 1980లలో నియమాన్ని మార్చి, సర్కిల్ ముఖద్వారాల్లో తలకిందుల త్రికోణాలు పాతాక గానీ అక్కడి సర్కిళ్లు సజావుగా తిరగలేదు. పారిస్‌లోని ఆర్క్ ద ట్రియంఫ్ చుట్టూ ఉన్న మహా కూడలి ఇప్పటికీ పాత నియమంతోనే నడుస్తూ పర్యాటకులకు ఉచిత వినోదం పంచుతోంది.

లాభం సమయానికే పరిమితం కాదు. సిగ్నళ్లు, స్టాప్ బోర్డులు తీసేసి ఆధునిక సర్కిళ్లుగా మార్చిన అమెరికన్ కూడళ్లను 2000లో అధ్యయనం చేసినప్పుడు, గాయాలయ్యే ప్రమాదాలు నాలుగింట మూడు వంతులు తగ్గినట్టు తేలింది. అందరూ వేగం తగ్గించే రావాలి, ఎదురెదురుగా గానీ అడ్డంగా గానీ ఢీకొనే అవకాశం దాదాపు ఉండదు. తగిలినా పక్కపక్కన రాసుకుంటాయి.

మన అనుభవం వేరు. లుటియెన్స్ ఢిల్లీ, చండీగఢ్ సర్కిళ్ల మీదే పెరిగిన నగరాలు. అక్కడ కూడా చాలా సర్కిళ్లకు తర్వాత సిగ్నళ్లు బిగించాల్సి వచ్చింది. తెలుగు పట్టణాల్లోనైతే సర్కిళ్లు పేర్లలోనే ఎక్కువ మిగిలాయి. విజయవాడ బెంజి సర్కిల్ మీదుగా ఇప్పుడు ఫ్లైఓవర్లు సాగుతున్నాయి. హైదరాబాద్‌లో సర్కిల్, చౌరస్తా, ఎక్స్ రోడ్స్ అన్న మాటలకు ఆచరణలో తేడా లేదు, అన్నింటికీ దీపస్తంభాలే దిక్కు. ఆలోచిస్తే సిగ్నల్ అంటే ఏమిటి? ఇష్టంతో ఇవ్వని దారిని కరెంటు దీపంతో బలవంతంగా ఇప్పించడమే. అర్ధరాత్రి దాటి ఆ దీపాలు పసుపురంగులో మిణుకుమిణుకుమంటున్నప్పుడు అసలు రంగు బయటపడుతుంది. మిణుకుమనే పసుపు దీపానికి అర్థం, చూసుకుని జాగ్రత్తగా వెళ్లమని. చాలామంది దాన్ని ఎవరూ లేరు, తొక్కేయమని చదువుకుంటారు.

లైటు కొడితే ఏమని అర్థం?

రాసిన నియమం పనిచేయని చోట రాయని నియమాలు పుడతాయి. భారత రోడ్ల మీద అమలయ్యే అలిఖిత నియమం ఒకటే: ముందు చక్రం ఎవరు ముందు పెడితే దారి వాళ్లది. దానికి ఒక ఉపనియమం కూడా ఉంది. బండి ఎంత పెద్దదైతే హక్కు అంత పెద్దది. లారీకి బస్సు, బస్సుకు కారు, కారుకు ఆటో, ఆటోకు బైకు, బైకుకు సైకిలు, అందరికీ పాదచారి దారివ్వాలి. చట్టం చెప్పినదానికి ఇది దాదాపు తలకిందుల బొమ్మ. బ్రిటన్ తన హైవే కోడ్‌ను 2022 జనవరిలో సవరించి, ఎక్కువ హాని చేయగల వాహనం నడిపేవారి మీదే ఎక్కువ బాధ్యత అని స్పష్టంగా రాసుకుంది. మన దగ్గర ఎక్కువ హాని చేయగలగడమే అర్హత.

భాష కూడా అందుకు తగ్గట్టే తయారైంది. బ్రిటన్‌లో ఎదుటివాడు హెడ్‌లైట్ ఒకసారి కొట్టాడంటే, వాడుకలో 'మీరు పొండి' అని అర్థం. భారత్‌లో అదే లైటుకు 'నేనొస్తున్నా, నువ్వాగు' అని అర్థం. అక్కడ అలవాటుపడి ఇక్కడికి, ఇక్కడ అలవాటుపడి అక్కడికి వెళ్లిన డ్రైవర్లకు ఈ తేడా తొలిరోజే తెలిసిపోతుంది. అలాగే హారన్. చాలా దేశాల్లో అది ప్రమాద హెచ్చరిక. లారీల వెనక హారన్ కొట్టమని రంగుల్లో రాయించుకునే దేశంలో అది దరఖాస్తు, ఆదేశం, తిట్టు, పలకరింపు కూడా.

'ఫ్రీ లెఫ్ట్' మరో ఉదాహరణ. ఎడమకు తిరిగేవారు సిగ్నల్ కోసం ఆగనక్కర్లేదన్నది దాని అర్థం. ఎవరి కోసమూ ఆగనక్కర్లేదని కాదు. అడ్డంగా వచ్చే వాహనాలకు, రోడ్డు దాటే మనుషులకు దారిచ్చాకే ఆ మలుపు. ఆచరణలో ఆ ఎడమ మలుపు రెండు విధాలా చెడింది. ఖాళీగా ఉంటే బండ్లు వేగం తగ్గించకుండా దూసుకుపోయి పాదచారులను హడలగొడతాయి. లేదంటే నేరుగా వెళ్లాల్సినవాళ్లే వచ్చి ఆ దారి మూసేసి నిలబడతారు. హైదరాబాద్ ట్రాఫిక్ పోలీసులు 2022 అక్టోబర్‌లో 'ఆపరేషన్ రోప్' పేరిట రంగంలోకి దిగినప్పుడు ఫ్రీ లెఫ్ట్‌ను అడ్డుకుంటే 1,000 రూపాయలు, స్టాప్ లైన్ దాటితే 100 రూపాయలు జరిమానా అన్నారు. అడ్డంగా ఆగినవాడికి జరిమానా ఉంది. ఆగాల్సిన చోట ఆగకుండా తిరిగిపోయినవాణ్ని పట్టే పద్ధతి ఇంకా దొరకలేదు.

హైవే మీద అయిదు సెకన్లు

నగరంలో దారివ్వకపోతే బంపరు సొట్టపోతుంది, నోరు పారేసుకుంటారు, పావుగంట వృథా అవుతుంది. హైవే మీద లెక్క వేరు. దేశవ్యాప్తంగా 2022లో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగితే 1,68,491 మంది చనిపోయారు. మృతుల్లో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవారే. పల్లె నుంచి వచ్చే చిన్న రోడ్డు నాలుగు వరసల జాతీయ రహదారిని తాకే చోట్లు ఈ విషాదానికి నిత్య వేదికలు.

ఆ చోట నిలబడిన ఒక రైతును ఊహించుకోండి. పాత బైకు, వెనక సీటు మీద ఎరువు బస్తా. ఎదురుగా రెండు వరసలు, మధ్యలో డివైడరు సందు, అవతల మరో రెండు వరసలు. 2018లో కేంద్రం సవరించిన పరిమితుల ప్రకారం డివైడరున్న నాలుగు వరసల రోడ్డు మీద కారు గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వెళ్లవచ్చు. అంటే సెకనుకు దాదాపు 28 మీటర్లు. ఆగి ఉన్న బైకు కదిలి రెండు వరసలు దాటడానికి అయిదు సెకన్లు పడుతుందనుకుంటే, ఆ సమయంలో కారు 140 మీటర్లు వచ్చేస్తుంది. క్రికెట్ మైదానం ఈ చివరి నుంచి ఆ చివరికి ఉండే దూరం దాదాపు అంతే. అంత దూరంలో ఉన్న కారు రైతు కంటికి చిన్న చుక్క. దాని వేగం అంచనా కట్టడం చదువుకున్నవాడికే కష్టం. ఇక్కడ 'దారి ఇవ్వండి' మర్యాదకు సంబంధించిన మాట కాదు. ఆ చుక్క కనిపిస్తే కదలకు అన్న ప్రాణసూత్రం.

అసలు ఆ చుక్క కనిపించాలి కదా! అడ్డరోడ్డులో ఉన్నవాడికి రెండువైపులా ఎంత దూరం కనిపించాలో ఇంజినీర్లు లెక్కగట్టి, మూలల్లో అంతమేర ఖాళీగా ఉంచాలంటారు. దాన్ని దృష్టి త్రికోణం అంటారు. బోర్డు మీది త్రికోణం పనిచేయాలంటే నేల మీది ఈ త్రికోణం ఖాళీగా ఉండాలి. మన కూడళ్ల మూలల్లో ఉండేవేమిటి? టీ బంకు, పాన్ డబ్బా, సవారీల కోసం నిలిపిన ఆటోలు, నాయకుడి పుట్టినరోజుకు కట్టిన ఫ్లెక్సీ. వీటన్నిటికీ మధ్యలో విగ్రహం. ప్రజారహదారుల మీద, కాలిబాటల మీద కొత్త విగ్రహాలకు, కట్టడాలకు అనుమతి ఇవ్వొద్దని సుప్రీంకోర్టు 2013 జనవరిలో రాష్ట్రాలను ఆదేశించింది. విగ్రహం లేని సెంటరును తెలుగు నేల మీద వెతకడం ఇప్పటికీ కష్టమే.

బోర్డుల పరిస్థితీ అంతంత మాత్రమే. రోడ్డు వేసినప్పుడు పాతిన త్రికోణాన్ని వేప కొమ్మ కప్పేస్తుంది, లారీ వంచేస్తుంది, కోచింగ్ సెంటరు పోస్టరు అతుక్కుంటుంది. నేల మీద వేసే ముక్కల తెల్లగీత ఒక వానాకాలానికే మాసిపోతుంది. మళ్లీ వేయించేది పంచాయతీనా, రోడ్లు భవనాల శాఖా, జాతీయ రహదారుల సంస్థా అన్నది తేలేసరికి మరో వానాకాలం వస్తుంది.

మాసాయిపేట చెప్పిన పాఠం

దారివ్వడాన్ని మనిషి విచక్షణకు వదిలేయడం ఎంత ప్రమాదకరమో ఈ దేశానికి అందరికన్నా ముందు తెలిసింది రైల్వేలకు. కాపలా లేని రైల్వే గేటు అంటే ఒక విధంగా అతిపెద్ద 'దారి ఇవ్వండి' కూడలి. రైలు ఆగదు, ఆగలేదు. అందుకే మోటారు వాహనాల చట్టం 131వ సెక్షన్ డ్రైవరు అక్కడ బండి ఆపి తీరాలంటుంది. అంతేకాదు, కండక్టరో క్లీనరో దిగి పట్టాల దాకా నడిచి వెళ్లి, ఏ వైపు నుంచీ రైలు రావడం లేదని చూసుకున్నాకే బండి కదలాలి. బండిలో మరెవరూ లేకపోతే డ్రైవరే దిగి చూసుకోవాలి. నియమం అక్షరమక్షరం సరైనదే.

2014 జూలై 24 ఉదయం మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర కాపలా లేని గేటులో బడి బస్సును నాందేడ్-సికిందరాబాద్ ప్యాసింజర్ రైలు ఢీకొంది. పది మందికి పైగా చిన్నారులు చనిపోయారు. తెలంగాణ రాష్ట్రం ఏర్పడి అప్పటికి రెండు నెలలైనా నిండలేదు. తప్పు డ్రైవరుదని తేల్చి ఫైలు మూసేస్తే సరిపోదని, నియమం మీద భారం వేసి పిల్లల ప్రాణాలను పణంగా పెట్టలేమని దేశమంతా మాట్లాడుకుంది. అదే తరహా దుర్ఘటనలు ఇతర రాష్ట్రాల్లోనూ జరిగాయి. చివరికి బ్రాడ్‌గేజ్ మార్గాల్లో కాపలా లేని గేటన్నది లేకుండా చేసే పని 2019 జనవరి చివరికి పూర్తయింది. కొన్ని చోట్ల కాపలా పెట్టారు, కొన్ని చోట్ల కింద నుంచి దారి తవ్వారు, కొన్నింటిని మూసేశారు.

మనిషి పొరపాటు చేస్తాడు, ఆ పొరపాటు ప్రాణం తీయని విధంగా దారిని కట్టాలి అన్నదే ఈ కథలోని పాఠం. రైలు పట్టాల దగ్గర దీన్ని ఒప్పుకున్న వ్యవస్థ, వంద కిలోమీటర్ల వేగంతో కార్లు దూసుకెళ్లే హైవే సందుల దగ్గర ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు.

బోర్డులే వద్దన్న ఇంజినీరు

దీనికి పూర్తిగా ఎదురు వాదన కూడా ఉంది. నెదర్లాండ్స్‌కు చెందిన ట్రాఫిక్ ఇంజినీరు హాన్స్ మాండర్‌మన్ బోర్డులు, గీతలు, సిగ్నళ్లు ఎక్కువయ్యేకొద్దీ మనిషి తన బుర్ర వాడడం మానేస్తాడనేవాడు. డ్రాఖ్టెన్ పట్టణంలో సిగ్నళ్లు తీసేసి, రోడ్డుకూ కాలిబాటకూ మధ్య తేడా చెరిపేసి, ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకుని దాటే కూడలిని రూపొందించాడు. అది విజయవంతమైంది. 2008లో ఆయన చనిపోయేనాటికి ఆ ఆలోచన యూరప్ అంతటా చర్చలో ఉంది.

అయితే చార్మినార్ చుట్టూ జరుగుతున్నదీ అదే కదా అని మనవాళ్లు భుజాలు ఎగరేయవచ్చు. కొంతవరకు నిజమే. పాత బజార్లలో తోపుడు బండి, ఆటో, బురఖా కప్పుకున్న అవ్వ, స్కూటరు ఒకే చోట సర్దుకుపోవడానికి ఏ బోర్డూ కారణం కాదు. అక్కడ వేగం తక్కువ, కళ్లు కలుస్తాయి, చెయ్యెత్తితే బండి ఆగుతుంది. మాండర్‌మన్ కిటుకు బోర్డులు తీసేయడంలో లేదు, వేగాన్ని మనిషి స్థాయికి దించడంలో ఉంది. మనం వేగం పెంచాం, బోర్డులు పట్టించుకోవడం మానేశాం. ఆయన చెప్పినదాంట్లో సగమే, అదీ తేలిక సగమే, మనకు వంటబట్టింది.

కాబట్టి రోడ్డు భద్రత నిపుణులు చెప్పే మందు ఖరీదైనదేమీ కాదు. అడ్డరోడ్డు పెద్ద రోడ్డును కలిసే ముందు త్రికోణంతో పాటు ఒక ఎత్తుగడ్డ కూడా వేస్తే, చదవనివాడూ వేగం తగ్గిస్తాడు. మూలల్ని ఖాళీ చేస్తే చూడాలనుకున్నవాడికి కనిపిస్తుంది. చిన్న పట్టణాల కూడళ్లలో విగ్రహం గద్దె కన్నా కొంచెం పెద్దదైన సర్కిల్ కట్టి, నాలుగు ముఖాల్లోనూ త్రికోణాలు పెట్టి, కొన్ని వారాల పాటు కానిస్టేబుల్‌ను నిలబెడితే అలవాటు మొదలవుతుంది. లైసెన్సు పరీక్షలో బోర్డు పేరు అడగడం, ట్రాకు మీద ఎనిమిది అంకె గీయించడం సరే. నిజమైన కూడలిలో అభ్యర్థి ఎవరికి దారిచ్చాడో చూసినప్పుడే అది పరీక్ష.

మనవాళ్లకు దారివ్వడం చేతకాదనడానికీ వీల్లేదు. 2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 108 అంబులెన్సులు రోడ్డెక్కినప్పుడు, ఆ సైరన్‌కు జనం పక్కకు జరుగుతారా అని సందేహించినవారు లేకపోలేదు. ఇప్పుడు కుయ్ కుయ్‌మన్న కూత వినిపిస్తే ఆటోవాలా ఫుట్‌పాత్ ఎక్కించి మరీ దారిస్తాడు. వెనకాల ఉన్నవాడికి చెయ్యూపి పక్కకు తప్పుకోమంటాడు. అంబులెన్సుకు దారివ్వకపోతే ఆర్నెల్ల జైలు లేదా పది వేల రూపాయల జరిమానా అన్న సెక్షన్ వచ్చింది 2019లో. జనం అంతకు ఎన్నో ఏళ్ల ముందే నేర్చుకున్నారు. లోపల ఒక ప్రాణం ఉందని వాళ్లకు తెలుసు కాబట్టి.

ఆటోలో, బస్సులో, బైకు వెనక ఎరువు బస్తా పక్కన ఉన్నవి కూడా ప్రాణాలే. వాటికి సైరన్ లేదు, అంతే తేడా.